మంచులో ఫోటోలకు వెళ్తున్నారా? లెన్స్ కన్నా ముందు గ్లవ్స్ చూసుకోండి

డిసెంబరు దగ్గర పడేసరికి ఫోటోలు తీసే మిత్రులు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే ఉంటుంది: "కశ్మీర్ వెళ్తున్నాం, ఏ లెన్స్ కొనమంటారు?" నేను చెప్పేదీ ప్రతిసారీ ఒకటే. ఉన్న లెన్స్‌తోనే వెళ్లండి. ఆ డబ్బులో కొంత చేతులకీ కాళ్లకీ పెట్టండి, ఇంకొంత బ్యాటరీలకి పెట్టండి. మంచులో మంచి ఫోటో పడాలంటే ఒకే చోట గంటల తరబడి నిలబడగలగాలి. వేళ్లు కొంకర్లు పోయి, పాదాలు తిమ్మిరెక్కాక ఎంత ఖరీదైన లెన్స్ చేతిలో ఉన్నా మనసంతా గదికి ఎప్పుడు వెళ్దామా అన్నదాని మీదే ఉంటుంది.

చలి అంటే మనకి తెలిసింది లంబసింగి, అరకు, ఆదిలాబాద్. లంబసింగిలో కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి దిగుతుంది. అయితే ఎండెక్కితే ఆ చలి పోతుంది. హిమాలయాల్లో చలికాలం అలా ఉండదు, మధ్యాహ్నం నీడలోకి అడుగు పెట్టినా కొరికేస్తుంది. స్వెటరూ, మంకీ క్యాపూ, ఒక జత ఉన్ని గ్లవ్సూ చాలనుకుని వెళ్తే మొదటి రోజే తెలిసిపోతుంది. ఏది కొనాలి, ఏది అద్దెకి చాలు, ఏది అసలు అక్కర్లేదు అన్నది మీరు వెళ్లే చోటుని బట్టి మారుతుంది. కాబట్టి ముందు చోటు తేల్చుకుందాం.

గుల్మర్గ్, సిస్సు, కిబ్బర్: ఎవరికి ఏది

మొదటిసారి మంచు చూడబోయేవాళ్లకీ, పిల్లాపాపలతో వెళ్లేవాళ్లకీ గుల్మర్గే సరైన చోటు. శ్రీనగర్ నుంచి 50 కిలోమీటర్లు. ఎత్తు సుమారు 2,650 మీటర్లు, కాబట్టి ఊపిరి అందని బాధ చాలామందికి రాదు. డిసెంబరు 21 నుంచి జనవరి 30 దాకా ఉండే 40 రోజుల్ని కశ్మీరీలు చిల్లై కలాన్ అంటారు. ఏడాదిలో గట్టి చలి అప్పుడే, మంచు బాగా పడే అవకాశమూ అప్పుడే. మంచు బరువుకి కొమ్మలు వంగిన ఫిర్ చెట్లు, ఫెరన్ అనే వదులైన పొడవాటి అంగీ లోపల కాంగ్డీ (బొగ్గుల కుంపటి) పట్టుకుని నడిచే మనుషులు, తాడుతో స్లెడ్జి లాగేవాళ్లు... కెమెరాతో పాటు వచ్చిన 18-55 లెన్స్‌కి చేతినిండా పని. గొండోలా (కేబుల్ కార్) రెండో దశ అఫర్వట్ కొండ మీదికి, అంటే 3,900 మీటర్ల పైకి తీసుకెళ్తుంది. గాలి పెరిగినా, మంచు ఎక్కువైనా ఆ దశ ఆపేస్తారు. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి కానీ ఆ ఒక్కదాన్నే నమ్ముకుని ప్లాన్ వేసుకోకండి. కింద చెట్ల మధ్య దొరికే ఫోటోలే చాలాసార్లు బాగుంటాయి.

సిస్సు లాహౌల్ లోయలో ఉంది. మనాలి నుంచి అటల్ టన్నెల్ దాటగానే వస్తుంది. 2020 అక్టోబరులో ఈ 9.02 కిలోమీటర్ల సొరంగం తెరిచేదాకా, రోహ్‌తాంగ్ కనుమ మంచుతో మూసుకుపోతే లాహౌల్‌కి నెలల తరబడి దారి ఉండేది కాదు. ఇప్పుడు మనాలిలో బస చేసి, పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఎత్తు సుమారు 3,100 మీటర్లు. చెట్లు తక్కువ, కొండలు నిలువుగా లేస్తాయి. కాబట్టి వైడ్ లెన్స్ ఇష్టపడేవాళ్లకి ఇది నచ్చుతుంది. చిక్కల్లా దారితోనే. మంచు గట్టిగా పడిన రోజు టన్నెల్ వైపు ఫోర్ బై ఫోర్ బండ్లని మాత్రమే వదులుతారు, ఒక్కోసారి ఎవరినీ వదలరు. సెలవు లెక్కపెట్టి తీసుకున్నవాళ్లు దీన్ని ఎంచుకోవద్దు.

కిబ్బర్ సంగతి వేరు. హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయలో 4,200 మీటర్ల పైన ఉన్న ఈ ఊరికి చలికాలంలో వెళ్లేవాళ్లు ఎక్కువగా మంచు చిరుత కోసం వెళ్తారు. 2024 జనవరిలో విడుదలైన లెక్క ప్రకారం దేశంలో ఉన్న మంచు చిరుతలు 718. అందులో 477 లద్దాఖ్‌లోనే ఉన్నాయి, హిమాచల్ వాటా 51. లెక్క చూస్తే లద్దాఖే మేలనిపిస్తుంది. అయినా కిబ్బర్‌కి నా ఓటు ఎందుకంటే, జనవరి నుంచి మార్చి మధ్య భరల్ గొర్రెలూ, ఐబెక్స్ అనే అడవి మేకలూ మేత కోసం ఊరి చుట్టూ ఉన్న లోయల్లోకి దిగుతాయి, వాటి వెనకే చిరుత వస్తుంది. అది ఏ అంచున పడుకుందో బైనాక్యులర్‌తో వెతికి పట్టుకునేవాళ్లు ఊళ్లోనే ఉన్నారు.

ఇంకో కారణం ఆరోగ్యం. లద్దాఖ్‌లోని లేహ్‌కి ఢిల్లీ నుంచి విమానంలో వెళ్తే గంటన్నరలో 3,500 మీటర్ల ఎత్తులో దిగుతారు. కనీసం రెండు రోజులు గదిలో విశ్రాంతి తీసుకోవాల్సిందే, ఇందులో మినహాయింపు లేదు. కిబ్బర్‌కి చలికాలపు దారి సిమ్లా మీదుగా, రికాంగ్ పియో, నాకో, తాబో దాటి కాజాకి వెళ్తుంది. రోజులు ఎక్కువ పడతాయి కానీ ఒంటికి ఎత్తు మెల్లగా అలవాటవుతుంది. ఏ దారైనా సరే, బీపీ, గుండె, ఊపిరితిత్తుల సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా బయల్దేరొద్దు. ఎత్తుకి వేసుకునే మాత్రలు కూడా పక్కవాళ్లు చెప్పారని వేసుకోవద్దు.

కిబ్బర్‌లో రాత్రి మైనస్ 20 దాటుతుంది. పైపుల్లో నీళ్లు గడ్డకడతాయి కాబట్టి స్నానం మాట మర్చిపోవాలి. హోంస్టేల్లో ఉండేవి నీళ్లు వాడని మరుగుదొడ్లు. రోజంతా గాలిలో కూర్చున్నా చిరుత కనిపించకపోవచ్చు. మంచు ఎలా ఉంటుందో తెలియకుండా తొలి ప్రయాణమే అక్కడికి పెట్టుకోవడం నాకు సమ్మతం కాదు. మొదట గుల్మర్గ్, తర్వాత కిబ్బర్.

చేతులు: డబ్బు పెట్టాల్సిన మొదటి చోటు

గ్లవ్స్‌లో మీ ముందు మూడు దారులున్నాయి. మొదటిది స్కీయింగ్ వాళ్లు వాడే మందపాటి గ్లవ్. వెచ్చగానే ఉంటుంది కానీ దాంతో షట్టర్ ఎక్కడుందో తెలియదు. ప్రతి ఫోటోకీ తీసి వేసుకోవాలి, పదోసారికి విసుగొచ్చి తీసేసి జేబులో పెట్టేస్తారు. రెండోది ఫోటోగ్రాఫర్ల కోసమని అమ్మే గ్లవ్. బొటనవేలు, చూపుడువేలు చివర్లు మడిచి వెనక్కి పెట్టుకోవచ్చు. గుల్మర్గ్‌లో పగటిపూట ఇది హాయిగా సరిపోతుంది. మైనస్ 10 దాటితే మాత్రం ఆ మడత సందుల్లోంచి గాలి దూరి, ఫోటో తీసే ఆ రెండు వేళ్లే ముందు మొద్దుబారతాయి.

మూడోది రెండు పొరల పద్ధతి. లోపల చేతికి అతుక్కున్నట్టుండే పల్చని లైనర్, పైన నాలుగు వేళ్లూ ఒకే సంచిలో ఉండే మిటెన్. వేళ్లు ఒకదాన్నొకటి తాకుతూ ఉంటాయి కాబట్టి విడివిడి వేళ్ల గ్లవ్ కన్నా మిటెన్ ఎప్పుడూ వెచ్చన. నేను చెప్పేది ఇదే. మిటెన్‌కి మణికట్టుకి తగిలించుకునే తాడు ఉన్నది చూసి తీసుకోండి. కుడి మిటెన్ లాగేస్తే చేతికి వేలాడుతుంది, లైనర్ వేలితో నాలుగైదు ఫ్రేములు తీసి మళ్లీ చెయ్యి దూర్చేయొచ్చు. తాడు లేకపోతే కొండ మీద వచ్చే ఒక్క గాలి విసురుకి మిటెన్ లోయలోకి పోతుంది. ఆ తర్వాత ఆ రోజుకి ఫోటోలు లేనట్టే.

లైనర్ కొన్నాక ఇంట్లోనే ఒక పరీక్ష పెట్టుకోండి. లైనర్లు వేసుకుని కెమెరా బ్యాటరీ తలుపు గొళ్లెం తియ్యండి, బ్యాటరీ బయటికి లాగి ఇంకోటి పెట్టండి. తర్వాత మెమరీ కార్డు నొక్కి తియ్యండి. కార్డు నొక్కేటప్పుడు గుడ్డ అడ్డం పడి వేలు జారుతుంటే లైనర్ మందం ఎక్కువైనట్టు. షాపులో చేతికి బాగుందనిపించిన లైనర్ ఈ కార్డు దగ్గరే దొరికిపోతుంది. ఒట్టి చేత్తో మాత్రం గడ్డకట్టిన లోహాన్ని పట్టుకోవద్దు, చర్మం అతుక్కుంటుంది.

హ్యాండ్ వార్మర్ ప్యాకెట్లు తీసుకోండి. అందులో ఇనుప పొడి గాలి తగలగానే ఆక్సిజన్‌తో కలిసి వేడెక్కుతుంది. గట్టిగా మూసిన జేబులో పెడితే గాలి అందక చల్లబడుతుంది, కిబ్బర్ లాంటి ఎత్తులో గాలే పల్చన కాబట్టి అక్కడ వేడి కాస్త తగ్గుతుంది. మిటెన్ లోపల చేతి వెనక భాగాన, లైనర్ మీద పెట్టుకోండి, చర్మానికి నేరుగా వద్దు. ఛార్జ్ చేసే ఎలక్ట్రిక్ వార్మర్లు కూడా వస్తున్నాయి. వాటిలో ఉండేదీ లిథియం బ్యాటరీయే, దానికీ ఛార్జింగ్ వెతకాలి. కరెంటు నమ్మకం లేని ఊళ్లకి ప్యాకెట్లే మేలు. కాంగ్డీ చూసి ముచ్చటపడి మీరూ ప్రయత్నించొద్దు, ముఖ్యంగా తలుపులు మూసిన గదిలో. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

కాళ్లు, ఒళ్లు

గుల్మర్గ్‌కి కింద ఉన్న టంగ్‌మర్గ్‌లో గమ్‌బూట్లు, కోట్లు అద్దెకిస్తారు. గమ్‌బూట్ తడి లోపలికి రానివ్వదు, అంతవరకే. వెచ్చదనం అందులో ఉండదు. ఒకటి రెండు రోజులకైతే అదే చాలు, ఒక సైజు పెద్దది అడిగి లోపల ఉన్ని సాక్సులు వేసుకోండి. రెండు జతల సాక్సులు ఇరికించి బిగుతుగా వేసుకుంటే రక్తం ఆడక పాదాలు ఇంకా చల్లబడతాయి. కిబ్బర్‌కైతే అద్దె బూట్ల మీద ఆధారపడొద్దు. లోపల వెచ్చటి పొర ఉన్న స్నో బూట్లు ఇక్కడే, హైదరాబాద్‌లో డెకథ్లాన్ లాంటి చోట, సాక్సులు వేసుకుని మరీ చూసుకుని కొనండి. ఇంకో చిన్న సలహా: పాత యోగా మ్యాట్ రెండడుగుల ముక్క కోసి బ్యాగులో పెట్టుకోండి. మంచు మీద దాన్ని పరుచుకుని నిలబడితే పాదాల్లోంచి వేడి నేలలోకి పోవడం బాగా తగ్గుతుంది. పైసా ఖర్చు లేని ఈ ముక్క అరగంటని రెండు గంటలు చేస్తుంది.

జాకెట్ విషయంలో డౌన్ మంచిదా, సింథటిక్ మంచిదా అని వాదనలు చాలా నడుస్తాయి. నన్నడిగితే అది చోటుని బట్టే తేలిపోతుంది. బాతు ఈకల డౌన్ జాకెట్ తేలిక, చాలా వెచ్చన, కానీ తడిస్తే ఈకలు ముద్దయిపోయి పనికిరాదు. స్పితిలో చలి పొడిగా ఉంటుంది, అక్కడికి డౌన్. గుల్మర్గ్‌లో సున్నాకి దగ్గరగా ఉన్న రోజు పడే మంచు బట్టల మీద కరుగుతుంది, అక్కడికి సింథటిక్ జాకెట్, పైన నీళ్లు దిగని షెల్ (పల్చని పై కోటు). లోపల మాత్రం కాటన్ బనియన్ వద్దు. కొండ ఎక్కేటప్పుడు పట్టిన చెమట కాటన్‌లో ఆరక, ఆగి నిలబడగానే ఒళ్లంతా వణికిస్తుంది. పాలిస్టర్ థర్మల్ చవక, అది చాలు. స్నానం లేకుండా వారం గడపాల్సిన కిబ్బర్‌కి మెరినో ఉన్ని తీసుకుంటే వాసన పట్టదు.

నల్ల కళ్లద్దాలు షోకు కాదు. కొత్తగా పడ్డ మంచు అతినీల లోహిత కిరణాల్ని 80 శాతం దాకా తిప్పి కొడుతుంది. రోజంతా అలా చూస్తే సాయంత్రానికి కళ్లలో ఇసుక పోసినట్టు మంట.

కెమెరా ఏదైనా బ్యాటరీదే రాజ్యం

చలికి లిథియం బ్యాటరీ లోపల రసాయన చర్య నెమ్మదిస్తుంది. ఇంట్లో రోజంతా వచ్చే బ్యాటరీ అక్కడ పూట గడవకముందే ఎర్ర గుర్తు చూపిస్తుంది. అందులో ఛార్జ్ అయిపోలేదు, బయటికి రావడం లేదు, అంతే. దాన్ని తీసి లోపలి చొక్కా జేబులో పెట్టుకుంటే కాసేపటికి మళ్లీ పనిచేస్తుంది.

ఇక్కడ పాత డీఎస్‌ఎల్‌ఆర్‌కి ఒక మేలుంది. అద్దంలోంచి చూసే వ్యూఫైండర్‌కి కరెంటు అక్కర్లేదు. కంపెనీ లెక్కల్లో కెనాన్ 200డీ రెండో వెర్షన్ వ్యూఫైండర్‌తో ఒక ఛార్జ్‌కి 1,070 ఫోటోలు ఇస్తే, అదే వర్గానికి చెందిన మిర్రర్‌లెస్ (అద్దం లేని) కెమెరా ఆర్50 ఇచ్చేది 370 దగ్గర. చలిలో రెండూ తగ్గుతాయి, కానీ తేడా అలాగే మిగులుతుంది. అందుకని డీఎస్‌ఎల్‌ఆర్ ఉన్నవాళ్లు మంచు ప్రయాణం కోసం మిర్రర్‌లెస్‌కి మారాల్సిన పనేం లేదు. మిర్రర్‌లెస్ ఉన్నవాళ్లకి వేరే లాభం ఉంది: మంచు ఎంత తెల్లగా వస్తుందో షట్టర్ నొక్కకముందే కంటికి కనిపిస్తుంది. వాళ్లు చేయాల్సిందల్లా బ్యాటరీలు రెట్టింపు పెట్టుకోవడం. చాలా కెమెరాలకి కంపెనీలు రాసే హద్దు సున్నా డిగ్రీలే, ఓఎం-1 లాంటి కొన్నిటికి మాత్రం మైనస్ 10 అని రాస్తారు. సున్నా కింద కెమెరా ఆగిపోతుందని కాదు. స్క్రీన్ మందకొడిగా కదులుతుంది, బ్యాటరీ త్వరగా పడిపోతుంది, బాడీ మాత్రం పని చేస్తూనే ఉంటుంది.

పవర్ బ్యాంకా, అదనపు బ్యాటరీలా అంటే నేను అదనపు బ్యాటరీలే అంటాను. పవర్ బ్యాంకు కూడా అదే లిథియం, దానికీ అదే చలి. పైగా సున్నా కింద లిథియం బ్యాటరీని ఛార్జ్ చేస్తే అది శాశ్వతంగా పాడవుతుంది, కాబట్టి గదికి వచ్చి వెచ్చబడ్డాకే ఛార్జింగ్. పవర్ బ్యాంకు రాత్రి కరెంటు లేనప్పుడు ఫోనుకి పనికొస్తుంది. 20,000 ఎంఏహెచ్‌ది సుమారు 74 వాట్ అవర్లు, విమానంలో 100 దాకా అనుమతిస్తారు. విడి బ్యాటరీలూ పవర్ బ్యాంకూ చేతి సంచిలోనే పెట్టుకోవాలి, చెకిన్ సామానులో వెయ్యకూడదు. హెడ్‌ల్యాంపుకి మామూలు ఆల్కలైన్ సెల్స్ వద్దు, రీఛార్జ్ కాని లిథియం ఏఏ సెల్స్ మైనస్ 40 దాకా పనిచేస్తాయి.

ఫోనుతోనే తీస్తానంటారా? గుల్మర్గ్‌లో నిక్షేపంగా తీయొచ్చు. ఐఫోన్‌కి ఆపిల్ చెప్పే హద్దు సున్నా నుంచి 35 డిగ్రీలు. దాన్ని జాకెట్ బయటి జేబులో కాక ఒంటికి తగిలే జేబులో పెట్టుకుని, తీసిన వెంటనే లోపల పెట్టేయండి. కిబ్బర్‌కి మాత్రం ఫోన్ ఒక్కటే నమ్ముకోవద్దు.

గదిలోకి వచ్చేటప్పుడు

కెమెరాకి అసలు ప్రమాదం బయట ఉండదు, గుమ్మం దగ్గర ఉంటుంది. మే నెలలో విజయవాడలో ఏసీ కారు దిగగానే కళ్లద్దాలు మసకబారతాయి కదా, అదే ఇక్కడ కెమెరా లోపలా జరుగుతుంది. మైనస్ 10లో ఉన్న కెమెరాని బుఖారీ (గది వెచ్చబరిచే పొయ్యి) మండే గదిలోకి తెస్తే గాలిలోని తేమ లెన్స్ మీదా, లోపలి గాజుల మీదా నీరై కూర్చుంటుంది. ఆ తడితో మళ్లీ బయటికి వెళ్తే అది గడ్డకడుతుంది.

కెమెరాని బ్యాగులోనే ఉంచి జిప్ వేసి ఒక మూల వదిలేయడం ఒక పద్ధతి. మంచి మందం ఉన్న బ్యాగైతే నెమ్మదిగా వెచ్చబడుతుంది, చాలావరకు సరిపోతుంది. గాలి చొరని జిప్‌లాక్ కవర్ ఇంకా గట్టిది. బయటే, చలిలోనే, మెమరీ కార్డూ బ్యాటరీ తీసి జేబులో వేసుకోండి. కెమెరాని కవర్లో పెట్టి గాలి నొక్కేసి మూసేయండి. అప్పుడు లోపలికి రండి. తేమ కవర్ బయట పడుతుంది, కెమెరా మీద పడదు. రెండు గంటలైనా తెరవొద్దు. కార్డు ముందే తీసుకున్నారు కాబట్టి ఫోటోలు చూసుకోవడానికి అడ్డేమీ లేదు. టీ తాగడానికి పది నిమిషాలు లోపలికి వస్తున్నారా? కెమెరాని వాకిట్లో, తడవని చోట, కంటికి కనిపించేలా వదిలి రండి. లెన్స్ మీద పడ్డ మంచుని నోటితో ఊదకండి, ఆవిరి అక్కడే గడ్డకడుతుంది. మెత్తటి బ్రష్షుతో దులపండి.

మంచు బూడిద రంగులో వచ్చేస్తే

కెమెరా మీటర్ చూసే ప్రతి దృశ్యాన్నీ ఒక మధ్యస్థ బూడిద రంగు వెలుగుకి తేవాలని చూస్తుంది. తెల్లటి మంచుని కూడా అలాగే కిందికి లాగేస్తుంది. వెలుతురు మారుతూ ఉంటే అపర్చర్ మోడ్‌లో ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫోటో వెలుగు పెంచే, తగ్గించే అమరిక) +1 నుంచి +2 మధ్య పెట్టుకోండి, ఎండ నిలకడగా ఉంటే మాన్యువల్ హాయి. రా ఫార్మాట్‌లో (కెమెరా దిద్దని ఫైలుగా) తీస్తే నీడల్లోని నీలిరంగు తర్వాత సరిచేసుకోవచ్చు, అయితే ఆ నీలం మొత్తం తీసేయకండి, చలి కనిపించేది అందులోనే. పడే మంచు చుక్కలుగా నిలవాలంటే షట్టర్ వేగం 1/250 సెకను పైన, గీతలుగా జారాలంటే 1/30 దగ్గర.

ట్రైపాడ్ గుల్మర్గ్‌కి వద్దంటాను, మనుషుల మధ్య అది అడ్డం. కిబ్బర్‌కి తప్పదు. అల్యూమినియం చేతుల్లోంచి వేడి లాగేస్తుంది, కార్బన్ ఫైబర్ కొనలేకపోతే పై కాళ్లకి ఫోమ్ చుట్టుకోండి. లోతు మంచులో కాళ్లు పూర్తిగా తెరిచి పైనుంచి అదిమితే విరుగుతాయి, కొంచెం మూసి దింపితే వాటంతట అవే తెరుచుకుంటాయి. డ్రోన్ ఇంట్లో వదిలేయండి. సరిహద్దు ప్రాంతాల్లో అనుమతుల చిక్కు ఒకటి, ఆ శబ్దానికి జంతువులు చెదిరిపోవడం ఇంకొకటి.

కిబ్బర్‌కి పొడవాటి లెన్స్ కావాలి, కనీసం 600 మిల్లీమీటర్ల దాకా వెళ్లేది. ఎదురు కొండ మీద రాయి రంగులో కలిసిపోయిన చిరుతకి 300 చాలదు. ఏడాదికోసారి వాడేదానికి కొనడం దండగ, అద్దెకి తీసుకోండి. బయల్దేరే ముందు ఒక ఉదయం ఏదైనా చెరువు దగ్గర పక్షుల మీద దాన్ని వాడి, ఫోకస్ మీ కెమెరాతో సరిగ్గా పడుతోందో చూడండి. అద్దె రోజులు లెక్కేసేటప్పుడు మంచుకి దారి మూసుకుపోయే రెండు రోజులు కూడా కలిపి మాట్లాడుకోండి. తిరుగు ప్రయాణంలో నాకో దగ్గర రోడ్డు తెరిచేదాకా ఆగాల్సి వస్తే, లెన్స్ ఎప్పుడిస్తారని హైదరాబాద్ నుంచి ఫోన్ వస్తుందన్న టెన్షన్ ఉండదు.